టర్కీ వేటకు మొదటి షాట్‌గన్: దుకాణంలో చెప్పిన పెద్ద 12 గేజ్ వద్దు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉండేది డాలస్ దగ్గర, వచ్చే వసంతంలో అడవి టర్కీ కోళ్ల వేట మొదలుపెడతారు, మొత్తం ఖర్చు 800 డాలర్లు దాటకూడదు. దుకాణంలో మూడున్నర అంగుళాల తూటా పట్టే 12 గేజ్ షాట్‌గన్ కొనమన్నారు (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె తగ్గితే గొట్టం లావు). అదే తుపాకీని మీ ఆవిడ కూడా వాడతారు, ఆవిడ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఇద్దరూ ఇంతకుముందు తుపాకీ పేల్చలేదు.

నా జవాబు: 3 అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఉన్న 20 గేజ్ పంప్, అంటే ముందు పట్టుని చేత్తో లాగి తోస్తే తూటా మారే రకం, తీసుకోండి. బ్యారెల్ (గొట్టం) 22 నుంచి 24 అంగుళాలు, మూతి దగ్గర బిగించే చోక్ మార్చుకునే వీలు, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే పరికరం) బిగించడానికి పైన మర రంధ్రాలు ఉండాలి. మిగిలిన డబ్బు తూటాలకూ కాగితం మీద పరీక్షకూ పెట్టండి. ఎందుకో వివరంగా చెబుతాను. అంతకంటే ముందు వీసా సంగతి.

గ్రీన్ కార్డు ఉంటే కొనుగోలులో పౌరులకున్న దారే మీదీ. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా అయితే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటుంది: అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే దుకాణం. అక్కడ నింపే 4473 ఫారంలో ఈ మినహాయింపు గురించి విడిగా అడుగుతారు, లైసెన్సు చూపించాలి. చాలామంది మరిచిపోయేది గడువు. టెక్సాస్ వేట లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబరు 1న మీ బీరువాలో ఉన్న తుపాకీయే మీకు నేరమవుతుంది. మీ ఆవిడది హెచ్-4 అయితే ఆవిడకు విడిగా లైసెన్సు ఉండాలి, మీది చెల్లదు. వీసా ఇబ్బంది వల్ల స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం మాత్రం చేయకండి. ఆ ఫారంలో అసలు కొనేది ఎవరని అడుగుతారు. అబద్ధం రాస్తే రాసినవాడికి ఫెలనీ (తీవ్రమైన నేరం), మీ గ్రీన్ కార్డుకు ఎసరు.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లకు ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అయినా మీరిద్దరూ కొత్తవాళ్లు కాబట్టి తుపాకీ చేత పట్టించి నేర్పే తరగతికి వెళ్లండి. లైసెన్సుతో పాటు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (పక్షుల వేటకు అదనపు అనుమతి) కూడా కావాలి.

ఇక పక్షి విషయం. వసంతంలో వేటాడేది గడ్డం ఉన్న పుంజుని. ఒళ్లు చూస్తే 20 పౌండ్లు, కానీ మీ గురి ఆ ఒంటి మీద కాదు, తల మీదా మెడ మీదా. మెదడున్న చోటు పెద్ద ఉసిరికాయంత, మెడ ఎముక బొటనవేలంత. ఒంటికి కొడితే దట్టమైన ఈకలు, రెక్కల ఎముకలు, రొమ్ము కండ అడ్డుపడతాయి. గాయపడిన పుంజు గుర్రంలా పరుగెత్తి ఏ పొదలోనో దూరి నరకయాతన పడి చస్తుంది, మీకు దొరకదు. అందుకే టర్కీ తుపాకీకి ఉన్న పని ఒక్కటే: మీరు కొలిచి తెలుసుకున్న దూరంలో ఆ ఉసిరికాయ మీదా, ఆ బొటనవేలు మీదా కనీసం నాలుగైదు గుళ్లు (తూటాలో ఉండే చిన్న గుండ్లు) పడేంత చిక్కగా వాటిని పంపడం. గేజ్, అంగుళాలు, ధర, వీటన్నిటినీ ఆ పని ముందు పెట్టి చూడాలి.

గేజ్ అంటే మన ఊళ్లలో 'ట్వెల్వ్ బోర్' అనే బోర్ లెక్కే. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వెడల్పు ఎంతో 12 గేజ్ గొట్టం వెడల్పు అంత, సుమారు 0.729 అంగుళాలు. 20 గుండ్లుగా పోస్తే 0.615. అందుకే అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. .410 ఒక్కటే ఈ లెక్కకు బయటిది, అది నేరుగా అంగుళాల కొలత.

12 గేజ్ మూడున్నర అంగుళాల తూటాలో 2 ఔన్సులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ సీసం ఉంటుంది. ఏడుంపావు పౌండ్ల తుపాకీలో దాన్ని పేలిస్తే భుజం మీద పడే దెబ్బ 70 ఫుట్-పౌండ్ల పైమాటే. 3 అంగుళాల 12 గేజ్, ఒకటిముప్పావు ఔన్సు అయితే 50 నుంచి 55. ఆరున్నర పౌండ్ల 20 గేజ్‌లో 3 అంగుళాల సీసం తూటా 30కి కాస్త అటూ ఇటూ. మట్టి పళ్లాలు కొట్టే మామూలు 12 గేజ్ తూటా 17, 18 దగ్గర ఉంటుంది. పెద్ద జింకల వేటకు వాడే .30-06 రైఫిల్ 20. అంటే దుకాణంలో చూపించినది ఆ రైఫిల్‌కు మూడున్నర రెట్లు తంతుంది. పుంజు ఎదురుగా ఉన్నప్పుడు ఆ దెబ్బ తెలియదంటారు, నిజమే. కానీ దానికి ముందు కాగితం మీద పది పదిహేను సార్లు పేల్చాలి, అప్పుడు తెలుస్తుంది. నాలుగో తూటాకే శరీరం భయం నేర్చుకుంటుంది: ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోస్తుంది, గొట్టం కిందికి వంగుతుంది. ఆ అలవాటు ఒకసారి అంటుకుంటే వదిలించుకోవడానికి ఒక సీజన్ పడుతుంది. కొత్తవాళ్లకు పెద్ద గేజ్ వద్దనడానికి నాకున్న అసలు కారణం ఇదే. మీ ఆవిడ కూడా వాడతారు కాబట్టి ఇందులో రాజీ పడకండి.

'చిన్న గేజ్‌లో గుళ్లు తక్కువ కదా' అంటారు. లెక్క వేద్దాం. నంబరు పెరిగితే గుండు చిన్నది. సీసం 4 నంబరు గుళ్లు ఔన్సుకు సుమారు 135, 5 నంబరు 170, 6 నంబరు 225. 12 గేజ్ 3 అంగుళాల తూటాలో ఒకటిముప్పావు ఔన్సు 5 నంబరు వేస్తే దాదాపు 298 గుళ్లు. 20 గేజ్ 3 అంగుళాల తూటాలో ఒకటింబావు ఔన్సుకు కొంచెం పైన 6 నంబరు వేస్తే దాదాపు 295. సంఖ్య సమానమే. కాకపోతే 6 నంబరు గుండు చిన్నది, దూరం వెళ్లేకొద్దీ బలం త్వరగా కోల్పోతుంది. కాబట్టి 20 గేజ్ సీసంతో 30 గజాలు, చాలా మంచి ప్యాటర్న్ (గుళ్లు పడే తీరు) వస్తే 35. అక్కడితో ఆగండి.

ఈ లెక్కను తిరగరాసింది టీఎస్ఎస్, అంటే టంగ్‌స్టన్ గుళ్లు. సీసం సాంద్రత సుమారు 11, టీఎస్ఎస్ సుమారు 18. అంత బరువైన పదార్థం కాబట్టి 9 నంబరంత చిన్న గుండు కూడా 5 నంబరు సీసం గుండంత లోతుకు దిగుతుంది. ఔన్సుకు 360 దాకా పడతాయి. 20 గేజ్‌లో ఒకటిన్నర ఔన్సు టీఎస్ఎస్ అంటే దాదాపు 540 గుళ్లు. ఈ తూటాతో చిన్న 20 గేజ్ 40 గజాల దగ్గర సీసం వేసిన 12 గేజ్‌ను మించుతుంది. ఖరీదు మాత్రం ఘోరం: సీసం టర్కీ తూటా రెండు మూడు డాలర్లు, టీఎస్ఎస్ ఒక్కోటి పది డాలర్ల పైనే. మొదటి ఏడాది సీసంతో మొదలుపెట్టి, 30 గజాల్లోకి వచ్చేదాకా ఓపిక పట్టడం నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. .410 గురించి కూడా అడుగుతారేమో: టీఎస్ఎస్ వేస్తేనే అది టర్కీ తుపాకీ, సీసంతో కాదు.

మోడల్ విషయానికి వస్తే, మీ బడ్జెట్‌లో మాస్‌బర్గ్ 500 నా మొదటి ఎంపిక. 20 గేజ్‌లో పొట్టి స్టాక్‌తో (భుజానికి ఆనించే వెనక భాగం) బాంటమ్ రకాలు దొరుకుతాయి, మధ్యలో పెట్టే దిమ్మలతో పొడవు మార్చుకోవచ్చు. సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) తుపాకీ మధ్య భాగమైన రిసీవర్ పైన వెనక వైపు, బొటనవేలి కింద ఉంటుంది, కుడి ఎడమ చేతివాళ్లిద్దరికీ ఒకటే. అయితే టర్కీ మోడళ్లలో కొన్నిటికి పిస్టల్ పట్టు స్టాక్ వస్తుంది. ఆ పట్టుతో బొటనవేలు పైనున్న సేఫ్టీకి అందదు, చేయి కదపాలి, ఆ కదలిక పుంజు కంట పడుతుంది. ఈ తుపాకీకి మామూలు స్టాకే తీసుకోండి. రెమింగ్టన్ 870 కూడా గట్టి పంప్, 1950 నుంచీ ఉన్న డిజైన్. దాని సేఫ్టీ ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బటన్. మావరిక్ 88 ఇంకా చవక, పని చేస్తుంది, సేఫ్టీ అదీ బటనే. సెమీ-ఆటోమేటిక్, అందులోనూ గ్యాస్‌తో నడిచేది, దెబ్బ తగ్గిస్తుంది, కానీ మీ డబ్బుకు మంచిది రాదు. ఒంటి తూటా స్టీవెన్స్ 301 తేలిక, చవక. అయితే ఆ తేలికదనమే 12 గేజ్‌లో భుజం విరగ్గొడుతుంది, కొంటే 20 గానీ .410 గానీ కొనండి.

పంప్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: ముందు పట్టుని పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకు తోయడం. ఖాళీ తూటా బయట పడదు, కొత్తది ఎక్కదు. ఇంట్లో డమ్మీ తూటాలతో, కూర్చుని, మోకాలి మీద తుపాకీ ఆనించి రెండు వందల సార్లు గట్టిగా లాగి తోయండి. టర్కీని కొట్టేది ఆ భంగిమలోనే.

సైజు కుదిరిందో లేదో దుకాణంలోనే చూడండి, దుకాణదారు ఖాళీ చేసి చూపించాక. తుపాకీ భుజానికెత్తి చెంప స్టాక్‌కు ఆనిస్తే మీ ముక్కుకూ పట్టు మీద ఉన్న బొటనవేలికీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉండాలి. స్టాక్ పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి వెనక ప్యాడ్ దాకా, మామూలుగా 14 అంగుళాల చుట్టూ ఉంటుంది. మీ ఆవిడకు 12 నుంచి 13 కావాలి. ఇద్దరికీ ఒకటే తుపాకీ అన్నారు కాబట్టి పొట్టిదే కొనండి. పొడుగువాళ్లు పొట్టి స్టాక్‌తో, అందులోనూ కూర్చున్నప్పుడు, సర్దుకుంటారు. పొట్టివాళ్లు పొడుగు స్టాక్‌తో సర్దుకోలేరు. ఇద్దరి ఏలే కన్ను ఏదో కూడా చూసుకోండి: రెండు చేతుల మధ్య చిన్న రంధ్రం చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఒక వస్తువుని అందులోంచి చూడండి, తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే వస్తువు కనబడుతుందో అదే మీ కన్ను. అది ఎడమదై మీరు కుడిచేతివారైతే గొట్టం చివరి పూసతో గురి చూడడానికి తంటాలు పడతారు.

బ్యారెల్ చివర ఒంటి పూస ఉన్న తుపాకీతో పుంజును తప్పే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. బాగా చూద్దామని తల స్టాక్ మీంచి లేస్తుంది, కన్ను పైకి వెళుతుంది, గొట్టం మూతి పైకి లేస్తుంది, గుళ్లన్నీ తల మీంచి పోతాయి. బిగువు చోక్‌తో 15 గజాల్లో గుళ్ల గుంపు మామిడికాయంతే ఉంటుంది కాబట్టి దగ్గరి పక్షినే ఎక్కువమంది తప్పుతారు. చిన్న రెడ్ డాట్ దీనికి నిజమైన మందు. చుక్క ఎక్కడుంటే దెబ్బ అక్కడే, తల కాస్త అటూ ఇటూ అయినా. 100 నుంచి 150 డాలర్లలో వస్తుంది. బిగించేటప్పుడు మరలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి, లేకపోతే షాట్‌గన్ దెబ్బకు వదులైపోతుంది.

చోక్ అంటే గొట్టం మూతి దగ్గర మర తిప్పి బిగించే సన్నని గొట్టం. గుళ్లను దగ్గరకు నొక్కి పంపుతుంది. 20 గేజ్‌లో సీసానికి 0.575 అంగుళాల చుట్టూ ఉన్నదానితో మొదలుపెట్టండి, టీఎస్ఎస్ ఇంకా బిగువుని తట్టుకుంటుంది. ఎంత బిగువైతే అంత మంచిదనుకోకండి. సీసం మెత్తన, మరీ నొక్కితే గుళ్లు సొట్టలు పడి పక్కలకు ఎగిరిపోతాయి, మధ్యలో గారెకున్నట్టు బొక్క మిగులుతుంది. ఉక్కు గుళ్ల తూటాను టర్కీ చోక్‌లోంచి ఎప్పుడూ పేల్చకండి, అవి నలగవు, చోక్‌తో పాటు బ్యారెల్ ఉబ్బుతుంది. కొనేటప్పుడు మర రకం చూసుకోండి: మాస్‌బర్గ్ 500 చోక్‌లు విన్‌చోక్, ఇన్వెక్టర్ మరలతో కలుస్తాయి, రెమింగ్టన్‌ది రెమ్ చోక్, వేరు.

ఇప్పుడు అసలు పని, ప్యాటర్న్. తుపాకీ కొనడం సగం పనే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ తుపాకులు రెండు ఒకే తూటాని రెండు రకాలుగా చల్లుతాయి. అందుకే వేరేవాళ్ల ఫలితం మీకు పనికిరాదు. మూడడుగుల కాగితం అట్టకు అంటించి, మధ్యలో రూపాయి బిళ్లంత నల్ల చుక్క పెట్టండి. చెవులకు, కళ్లకు రక్షణ పెట్టుకోండి. బల్ల మీద ఇసుక సంచులపై తుపాకీ ఆనించి, ముందు చవక టార్గెట్ తూటాలతో 20 గజాల దగ్గర రెడ్ డాట్‌ను చుక్క మీదికి తెచ్చుకోండి. ఖరీదైన తూటాలు దీనికి తగలేయకండి. తర్వాత టర్కీ తూటా, 30 గజాలు, కొత్త కాగితం. గుళ్లు చిక్కగా పడ్డ చోటు మధ్యను కంటితో పట్టుకుని, దాని చుట్టూ 10 అంగుళాల వృత్తం గీయండి. ముందు మీ నల్ల చుక్క ఆ వృత్తం మధ్యలోనే ఉందా చూడండి. ఐదంగుళాలు పక్కకు ఉంటే ఎన్ని గుళ్లు పడినా లాభం లేదు, డాట్ సరిచేయండి. వేరే తూటా వేరే చోట కొడుతుంది కాబట్టి టార్గెట్ తూటాతో చేసిన సర్దుబాటు మీద నమ్మకం పెట్టుకోకండి. తర్వాత వృత్తంలో పడ్డ గుళ్లు పెన్నుతో కొడుతూ లెక్కపెట్టండి. 100కు తగ్గకూడదు. ఇలా ఒక్కో తూటాకు మూడు కాగితాలు. ఒక్క కాగితం చూసి మురిసిపోవద్దు, మూడింటిలో తక్కువ వచ్చినదాన్నే మీ అంకెగా తీసుకోండి.

30లో 100 వస్తే 35కి వెళ్లండి, టీఎస్ఎస్ అయితే తర్వాత 40కి. ఎక్కడ 100 లోపు పడిందో దానికి ఐదు గజాలు ముందే మీ హద్దు. 5, 6 నంబర్లు, రెండు మూడు కంపెనీలు తెచ్చి ఇలా చూస్తే ఒకటి మిగతావాటిని స్పష్టంగా మించుతుంది. తూటాలకు 60, 70 డాలర్లు పోతాయి, అవి ఈ మొత్తంలో అతి మంచి ఖర్చు. ప్రతి మూడు నాలుగు తూటాలకు తుపాకీ ఖాళీ చేసి, తెరిచి, చోక్ బిగువు చేత్తో చూడండి. పేలుతున్నకొద్దీ అది వదులవుతుంది. వదులు చోక్ అంచున వ్యాడ్ (తూటాలో గుళ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్క) తగిలితే మూతి పగులుతుంది. ఏడాదికోసారి విప్పి మరలకు కొంచెం గ్రీజు పూయండి, లేకపోతే అతుక్కుపోతుంది.

రెండు ప్రమాదాలు ప్రత్యేకంగా చెప్పాలి. తూటా మీద రాసిన పొడవు పేలి విచ్చుకున్నాక ఉండేది, పేలకముందుది కాదు. అందుకే 3 అంగుళాల తూటా 2¾ చాంబర్‌లోకి హాయిగా వెళుతుంది, పేలినప్పుడు నోరు విచ్చుకునే చోటు లేక పీడనం పెరుగుతుంది. బ్యారెల్ మీద చెక్కిన అంకె చదవకుండా పాత తుపాకీలో ఏదీ పెట్టకండి. రెండోది: ఎప్పుడైనా ఇంట్లో 12 గేజ్ కూడా చేరితే, 20 గేజ్ తూటా 12 గొట్టంలోకి జారి కాస్త ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగానే ఉంటుంది. దాని వెనక 12 పెట్టి పేలిస్తే చెయ్యి పోతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు ఇందుకే. ఒకే జేబులో రెండు రకాలు ఎప్పుడూ వేయకండి, వేటకి వెళ్లేటప్పుడు రెండో గేజ్ ఇంట్లోనే తాళంలో ఉండాలి.

అడవిలో పుంజు తల రంగులు ఎరుపు, తెలుపు, నీలం. ఈ మూడు రంగులూ ఒంటి మీద ఉండకూడదు, లోపలి బనియన్‌తో సహా, లేకపోతే ఇంకో వేటగాడికి మీరే పుంజు. మీ భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. పుంజు అరుపు వింటే దాని వైపు పాక్కుంటూ పోకండి, ఆ అరుపు మనిషిది కావచ్చు. బొమ్మ పక్షిని 20 గజాల దగ్గర నిలబెట్టండి, దాని చుట్టూ తిరిగే పుంజు మీ హద్దులోనే ఉంటుంది. తోక విప్పి మురిసిపోతున్నప్పుడు మెడ ఒంట్లోకి ముడుచుకుని ఉంటుంది, అప్పుడు కొట్టకండి. నోటితో ఒక్కసారి 'క్లక్' అంటే ఆగి తలెత్తి చూస్తుంది. ఈకలు ఆగిపోయి ఎర్రటి మెడ మొదలయ్యే చోట చుక్క పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. గుంపులో పైగుళ్లు తలకు, కిందిగుళ్లు మెడకు పడతాయి. వెనక ఇంకో పక్షి లేదని, గడ్డం కనబడిందని ముందే చూసుకోండి.

టెక్సాస్‌లో ఎక్కువ ఉండేది రియో గ్రాండే రకం, బయలు నేలల్లో దూరం నుంచే కనబడుతుంది, ఆ దూరం చూసి తొందరపడకండి. తూర్పు టెక్సాస్‌లోని ఈస్టర్న్ రకం వేటకు రైఫిల్ కుదరదు, షాట్‌గన్ గానీ విల్లు గానీ. టెక్సాస్‌లో ఏ రకం టర్కీని కొట్టినా రిపోర్ట్ చేయాలి. కౌంటీ నిబంధనలు ఏటా మారతాయి, ఆ ఏడాది పుస్తకమే చూడండి.

మీరు తేల్చుకున్న హద్దును, '30' అనో '35' అనో, టేపు ముక్క మీద రాసి స్టాక్ ఎడమ వైపు అంటించండి. కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో (దూరం కొలిచే పరికరం) ఆ దూరంలో ఏ చెట్టుందో, ఏ రాయుందో గుర్తు పెట్టుకోండి. పుంజు ఆ రాయి దాటి లోపలికి వచ్చేదాకా సేఫ్టీ మీద బొటనవేలు పెట్టకండి.